ప్లేటు ఖాళీ, స్లైడు నిండా పచ్చ: జి.ఎఫ్.పి.తో నా అనుభవం

జి.ఎఫ్.పి. అంటే గ్రీన్ ఫ్లోరసెంట్ ప్రొటీన్: జెల్లీఫిష్‌లో దొరికిన, తగిన కాంతి పడితే ఆకుపచ్చగా వెలిగే ప్రొటీన్. ఆ జెల్లీఫిష్ కథ, 2008 నోబెల్ బహుమతి అందరికీ తెలిసినవే కాబట్టి వాటి జోలికి పోను. పస్తులున్న బ్యాక్టీరియా ఎంతకాలం బతుకుతుందో చూడటానికి ఈ వెలిగే ప్రొటీన్ ఎంతవరకు పనికొస్తుందో మాత్రమే చెబుతాను. ఇంతకాలం వాడినా నాకు దీని మీద మోజు తీరలేదు. రంజకం కలపనక్కర్లేకపోవడమే అందుకు కారణం. తిండిలేక చిక్కిపోయిన కణాలను రంగులో నానబెట్టి, కడిగి, సెంట్రిఫ్యూజ్‌లో తిప్పితే, చచ్చినవి ఆకలికి చచ్చాయో మన చేతుల్లో చచ్చాయో ఎవరు చెప్పగలరు? ఇక్కడ ఆ బెడద లేదు. సీసాలోంచి చుక్క తీసి స్లైడు మీద వేస్తే చాలు. ఒకసారి తయారైన జి.ఎఫ్.పి. అంత త్వరగా చెడిపోదు, వెలగడానికి కణాన్ని శక్తి అడగదు.

నన్ను కట్టిపడేసిన సంగతి వేరే ఉంది. ఈ ప్రొటీన్‌ను తయారుచేయించే జన్యువును క్రోమోజోమ్‌లో చేర్చిన ఇ. కోలై బ్యాక్టీరియాను, వడకట్టి శుద్ధిచేసిన సముద్రపు నీటిలో వేసి చలిలో ఉంచాను. ఆ నీటిని బ్యాక్టీరియాను పెంచే అగార్ ప్లేట్ల మీద పరిచి చూస్తే కాలనీలు తగ్గుతూ వచ్చి చివరికి ఒక్కటీ మొలవలేదు. లెక్క ప్రకారం అంతా అయిపోయినట్టే. అదే నీటి చుక్కను మైక్రోస్కోప్ కింద పెడితే ఆకుపచ్చ చుక్కలు కిక్కిరిసి ఉన్నాయి! కడ్డీల్లా ఉండాల్సినవి కుంచించుకుపోయి దాదాపు గుండ్రంగా మారాయి. బతికే ఉన్నా ప్లేటు మీద పెరగని ఈ స్థితి గురించి 1982 నుంచీ చర్చ జరుగుతూనే ఉంది. అయినా కళ్లారా చూడటం వేరు.

సరే, పచ్చగా ఉన్నంత మాత్రాన ప్రాణం ఉన్నట్టేనా? అది తేల్చడానికి 1979 నాటి కొగురే పద్ధతినే ఆశ్రయించాను. నమూనాలో కొంచెం ఈస్ట్ ఎక్స్‌ట్రాక్ట్‌, దాంతోపాటు కణం చీలకుండా ఆపే మందు నాలిడిక్సిక్ ఆమ్లం కలపాలి. ప్రాణమున్న కణం తిండి తిని పెరుగుతుంది, కానీ మందు వల్ల రెండుగా చీలలేదు. కాబట్టి పొడవుగా సాగుతుంది. (ఆ మందుకు లొంగని జాతి అయితే ఈ శ్రమంతా దండగ.) కొన్ని గంటల తర్వాత చూస్తే ఆ గుండ్రటి చుక్కల్లో కొన్ని సన్నని ఆకుపచ్చ దారాలయ్యాయి. విభజనే లేదు కాబట్టి అవి కొత్తగా పుట్టినవేమో అన్న అనుమానానికి తావు లేదు. మిగిలినవి మాత్రం అలాగే పచ్చగా, కదలిక లేకుండా ఉండిపోయాయి.

ఆ మిగిలినవే నా ఉత్సాహానికి కళ్లెం వేశాయి. పైన గొప్పగా చెప్పిన మన్నికే ఇక్కడ చిక్కు తెస్తుంది. ఫార్మాల్డిహైడ్‌తో చంపిన కణాలు కూడా పచ్చగా వెలుగుతాయి. అతినీలలోహిత కాంతికి గురైనవీ కణం చుట్టూ ఉన్న పొర చిరగనంతవరకు వెలుగుతూనే ఉంటాయి. పొర చిరిగితే ప్రొటీన్ బయటికి కారిపోతుంది, వెలుగు పోతుంది. అంటే ఇది చెప్పేది పొర నిలిచి ఉందన్న మాట వరకే. పైగా కణం లోపల ఆమ్లత పెరిగితే బతికున్నది కూడా మసకబారుతుంది. ఆమ్లత లేకుండా నిలకడగా ఉండే ద్రావణంలోకి (తటస్థ బఫర్‌లోకి) మార్చి మళ్లీ చూడకుండా దాన్ని చచ్చినవాటి ఖాతాలో వేయకూడదు. రంజకాలే వద్దన్న నేను ఇప్పుడు ప్రతి నమూనాలో ఒక చుక్క పక్కన పెట్టి పొర చెడిన కణాల్లోకే చొరబడే ఎర్ర రంజకం ప్రొపీడియం అయొడైడ్ కలుపుతున్నాను. ఎర్రబడ్డవి పొర చెడినవి. పరీక్షించాక పారేసే చుక్కే కదా, దాన్ని హింసపెట్టినా ఫరవాలేదు.

నా పని తేటనీటిలో ఒకే జాతితో, గాలి ఆడే సీసాల్లో. అందుకే ఇది నాకు నప్పింది. జన్యువును క్రోమోజోమ్‌లో కాక ప్లాస్మిడ్ (విడిగా ఉండే చిన్న డి.ఎన్.ఎ. వలయం) మీద మోయించి ఉంటే, పెరుగుదల మళ్లీ మొదలైనప్పుడు అది జారిపోయే బెంగ కూడా ఉండేది. మట్టిలో వెతికేవారికి చుట్టూ తమంతట తామే వెలిగే రేణువులు అడ్డం వస్తాయి. ఆక్సిజన్ లేనిచోట ఈ ప్రొటీన్ వెలుగు పుంజుకోదు. ఇక చెరువు నీటిలో సహజంగా ఉన్న బ్యాక్టీరియాను లెక్కించేవారికి జన్యువు చేర్చే వీలే లేదు. వాళ్లకు రంజకాలే గతి.