ప్రైమరీ: టెక్సస్ పద్ధతా, కాలిఫోర్నియా పద్ధతా?

అమెరికాలో సెనేటర్, గవర్నర్ పోటీలకు ప్రైమరీ (నవంబర్ అసలు ఎన్నికలో ఎవరు నిలబడాలో తేల్చే తొలి ఓటింగ్) అన్ని రాష్ట్రాల్లో ఒకేలా ఉండదు. టెక్సస్‌లో పార్టీకో బ్యాలెట్. సగానికి మించి ఓట్లు ఎవరికీ రాకపోతే మొదటి ఇద్దరి మధ్య రనాఫ్, అంటే మళ్లీ ఓటింగ్. 2012 రిపబ్లికన్ సెనేట్ ప్రైమరీలో డేవిడ్ డ్యూహర్స్ట్ ముందున్నారు, రనాఫ్‌లో టెడ్ క్రూజ్ గెలిచారు. మొదటి రౌండ్ లీడ్ చూసి సంబరపడితే అంతే సంగతులు!

కాలిఫోర్నియాలో అందరికీ ఒకే బ్యాలెట్. పార్టీ ఏదైనా సరే, మొదటి ఇద్దరే నవంబర్‌కు వెళ్తారు. 2016 సెనేట్ పోటీలో మిగిలిన కమలా హ్యారిస్, లొరెట్టా సాంచెజ్ ఇద్దరూ డెమోక్రాట్లే. ఇక్కడ ఎత్తుగడలూ వేరు. 2024లో డెమోక్రాట్ ఆడమ్ షిఫ్ ప్రకటనలు రిపబ్లికన్ స్టీవ్ గార్వీనే ప్రధాన ప్రత్యర్థిగా చూపించాయి. గార్వీ రెండో స్థానానికి చేరారు. షిఫ్ సొంత పార్టీకే చెందిన కేటీ పోర్టర్ మూడో స్థానంతో ఇంటిదారి పట్టారు. నవంబర్‌లో షిఫ్‌కు డెమోక్రాట్ల బలం ఎక్కువున్న ఆ రాష్ట్రంలో పెద్దగా టెన్షన్ లేకుండా పోయింది.

రెండోసారి క్యూలో నిలబడాల్సి వచ్చినా, నా మొగ్గు టెక్సస్ వైపే.