గ్రానైట్ బ్లాకుల లెక్కకు పైథాన్ డేటాక్లాస్: వాడి చెబుతున్నా

ఒంగోలులో ఉండి చీమకుర్తి గ్రానైట్ యార్డులకు స్టాకు సాఫ్ట్‌వేర్ రాసిస్తుంటాను. గెలాక్సీ (ఇక్కడి నల్ల గ్రానైట్ రకం) బ్లాకు ఒక్కోదానికి నంబరు, క్వారీ, పొడవు, వెడల్పు, ఎత్తు, గ్రేడు, పార్టీ పేరు... ఇన్నీ ఒకేసారి ఆబ్జెక్టులోకి ఎక్కించాలి. ఈ పనికి డేటాక్లాస్‌ను (డేటా దాచుకునే ఆబ్జెక్టులకు అచ్చు లాంటి పైథాన్ సదుపాయం) మించింది నాకు కనపడలేదు. ఐదుకు నాలుగున్నర ఇస్తాను.

2018లో పైథాన్ 3.7తో వచ్చింది. విడిగా ఇన్‌స్టాల్ చేసే పని లేదు. ఫీల్డు పేరు, టైపు రాస్తే చాలు, ఆ విలువలను ఆబ్జెక్టులో నింపే ఇనిట్ ఫంక్షన్‌ను అదే తయారుచేస్తుంది.

చాలామంది దగ్గరదారిలో పోతారు: వచ్చిన కీవర్డ్ ఆర్గ్యుమెంట్లన్నీ (పేరు పెట్టి ఇచ్చే విలువలు) ఆబ్జెక్టు డిక్షనరీలోకి ఒక్క లైనుతో అప్‌డేట్ కొట్టేస్తారు. నాకు అప్పగించిన ఓ పాత ప్రోగ్రాములో ఇదే ఉంది. ఎక్సెల్ షీటులో ఎత్తు కాలమ్ పేరు స్పెల్లింగు తారుమారైతే పైథాన్ కిమ్మనలేదు. తప్పు పేరుతో కొత్త ఆట్రిబ్యూటు పుట్టింది, అసలు ఎత్తు పాత కొలతలోనే ఉండిపోయింది. సీబీఎం (క్యూబిక్ మీటరు) మీద రేటు కట్టే వ్యాపారంలో ఇది ఎంత నష్టమో చెప్పక్కర్లేదు. డేటాక్లాస్ అయితే తెలియని పేరు రాగానే టైప్ ఎర్రర్ ఇచ్చి అక్కడే ఆపేస్తుంది.

నాకు బాగా నచ్చింది డేటాక్లాస్‌తో వచ్చే రీప్లేస్ ఫంక్షన్. బయ్యరు వచ్చి, పగులున్న మేర వదిలేయించి, 290 సెంటీమీటర్ల పొడవును 280 చేయించాడనుకోండి. గ్రేడు మారింది, పార్టీ పేరు చేరింది. మూడూ కలిపి రీప్లేస్‌కిస్తే మిగతావి ఉన్నవి ఉన్నట్టే ఉంచి కొత్త ఆబ్జెక్టు చేతికిస్తుంది. ఇనిట్ అయ్యాక నడిచే పోస్ట్ ఇనిట్ కూడా మళ్లీ నడుస్తుంది. సీబీఎం లెక్క అందులోనే పెట్టాను కాబట్టి, 180 వెడల్పు, 160 ఎత్తున్న ఆ బ్లాకు 8.352 నుంచి 8.064కు దానంతటదే దిగుతుంది. పాత ఆబ్జెక్టు చెక్కుచెదరదు. కొలత దగ్గర పేచీ వస్తే రెండూ పక్కపక్కన చూపించొచ్చు.

అర మార్కు ఎందుకు తగ్గించానంటే, టైపు రాయించుకుంటుందే గానీ సరిచూడదు. పొడవు ఫ్లోట్ (దశాంశ సంఖ్య) అని రాసినా, స్ట్రింగు (అక్షరాల వరుస) ఇస్తే తీసేసుకుంటుంది. బయటి నుంచి వచ్చే డేటా ఎక్కువైతే టైపులు సరిచూసే పైడాంటిక్ లైబ్రరీ మేలు. ఫోటోల ఫీల్డుకు ఖాళీ లిస్టు డిఫాల్టుగా పెట్టబోతే వాల్యూ ఎర్రర్ వస్తుంది, ప్రతి ఆబ్జెక్టుకూ కొత్త లిస్టు తయారుచేసే డిఫాల్ట్ ఫ్యాక్టరీ రాయాలి. ఇందులో మాత్రం తప్పు పట్టను. ఆ అడ్డు లేకపోతే అన్ని బ్లాకులూ ఒకే లిస్టు పంచుకుని, ఒక రాయి ఫోటోలు ఇంకో రాయికి కనపడేవి.

2021లో వచ్చిన 3.10 గానీ, ఆ తర్వాతది గానీ వేయించుకోండి. ఆబ్జెక్టులో ఉండదగ్గ పేర్లను ముందే కట్టేసే స్లాట్స్ ఆన్ చేస్తే, ఆబ్జెక్టు తయారయ్యాక డాట్ పెట్టి తప్పు పేరు రాసినా ఎర్రర్ వస్తుంది. విలువలను వరుసను బట్టి కాక పేరుతోనే తీసుకునే కేడబ్ల్యూ ఓన్లీ ఇంకా ముఖ్యం. వెడల్పు, ఎత్తు అటూ ఇటూ అయినా సీబీఎం మారదు కాబట్టి ఆ తప్పు బిల్లులో దొరకదు, రాయి గ్యాంగ్‌సా (బ్లాకును పలకలుగా కోసే యంత్రం) మీదికి ఎక్కేటప్పుడే బయటపడుతుంది. కేడబ్ల్యూ ఓన్లీ పెడితే ప్రతి కొలతకూ పేరు రాసి తీరాలి.