బీచ్ రోడ్ హెలికాప్టర్ మ్యూజియం: మా మావయ్యతో వెళ్తే వేరేలా కనిపించింది

మొన్న ఆదివారం సాయంత్రం వైజాగ్ బీచ్ రోడ్‌లో యూహెచ్-3హెచ్ హెలికాప్టర్ మ్యూజియంకి వెళ్ళాం, నాకైతే ఐదుకి ఐదు స్టార్లు. కురుసుర సబ్‌మెరైన్, టీయూ-142 విమానం చూసేసి ఇది వదిలేసి వెళ్ళిపోకండి ప్లీజ్.

దీని కథ ముందు తెలుసుకుని వెళ్తే బాగుంటది. 2007లో అమెరికా నుంచి మన నేవీ ఐఎన్‌ఎస్ జలాశ్వ షిప్ కొన్నప్పుడు దాంతోపాటు ఇలాంటివి 6 హెలికాప్టర్లు వచ్చాయి, 2009 మార్చిలో ఇక్కడే మన నేవీ ఎయిర్ బేస్ ఐఎన్‌ఎస్ డేగాలో, ఐఎన్‌ఏఎస్ 350 అనే నేవీ హెలికాప్టర్ దళంలో (స్క్వాడ్రన్) చేర్చి సారస్ అని పేరు పెట్టారు, 2024 జూన్‌లో రిటైర్ చేశారు. అంటే ఇన్నేళ్ళూ మన నెత్తి మీద తిరిగిందే ఇది.

మా మావయ్యది గాజువాక, నేవీలో ఎయిర్‌క్రాఫ్ట్ గ్రౌండ్ స్టాఫ్‌గా చేసి రిటైరయ్యారు. మేమంతా కాక్‌పిట్ వైపు పరిగెడితే ఆయన తిన్నగా వెనక చక్రం దగ్గరికెళ్ళి వంగి చూస్తున్నారు. "ఏట్రా అందరూ అక్కడే నిలబడ్డారు, ఇటు రండి" అని పిలిచి పైన రెక్కలు చూపించారు, షిప్ మీద చోటు సరిపోదు కాబట్టి ఆ 5 రెక్కలూ వెనక్కి మడుస్తారంట, తోక కూడా మడుస్తారంట. సముద్రం మీద ఎగిరొచ్చిన ప్రతిసారీ ఉప్పు పోయేలా మంచినీళ్ళతో కడగాలి, ఇంజిన్ లోపల కూడా, లేదంటే తుప్పు తినేస్తది.

నాకు బాగా గుర్తుండిపోయింది మాత్రం హుక్ సంగతి. హెలికాప్టర్ కింద సామాను వేలాడదీసి తీసుకెళ్తారు కదా, ఆ తాడు తగిలించేవాడు ఎగురుతున్న హెలికాప్టర్ కింద నిలబడాలి. గాలిలో తిరిగి తిరిగి దాని ఒంట్లో కరెంటు చేరిపోయి ఉంటది, చేత్తో హుక్ ముట్టుకుంటే మనిషిని విసిరికొడతది, అందుకని ముందు ఎర్తింగ్ కర్ర తగిలించి ఆ కరెంటు నేలకి దింపేసి అప్పుడు ముట్టుకుంటారు. పైనుంచి వచ్చే గాలికి ఇసుకంతా మొహం మీద కొడతా ఉంటది, ఇంజిన్ గోలకి మాట వినపడదు, అంతా చేతి సైగలే. మావయ్య రెండు చేతులూ పైకెత్తి ఆ సైగలు చేసి చూపిస్తుంటే పక్కనున్న పిల్లలు కూడా చుట్టూ చేరిపోయారు.

ఇంటికొచ్చి ఇదే వెతుకుతుంటే బ్రిటన్ గురించి కనపడింది. అక్కడ రాయల్ ఆక్సిలరీ ఎయిర్ ఫోర్స్ అని 1924 నుంచి ఉంది, అందులో 606 స్క్వాడ్రన్ పనే హెలికాప్టర్లకి సపోర్ట్ ఇవ్వడం, బెన్సన్ అనే ఎయిర్ బేస్‌లో ఉంటది. అందులో వాళ్ళు మామూలు ఉద్యోగాలు చేసుకునేవాళ్ళే, ఏడాదికి కనీసం 27 రోజులు ట్రైనింగ్‌కి వస్తారు, అవసరం పడితే యూనిఫాం వేసుకుని రెగ్యులర్ వాళ్ళ పక్కన నిలబడతారు. హెలికాప్టర్ నడపడానికి కాదండీ, అది ఎగరడానికి కింద కావాల్సిన పనులకి. మనకి ఇలాగే ఉద్యోగాలు చేసుకుంటూ సైన్యంలో పనిచేసే టెరిటోరియల్ ఆర్మీ ఉంది కానీ హెలికాప్టర్లకి కూడా ఇలాంటిదొకటి వైజాగ్‌లో ఉండాలని నాకు గట్టిగా అనిపించింది. హుద్‌హుద్ తుఫాను మర్చిపోయామా, 2014 అక్టోబర్ 12? ఎయిర్‌పోర్ట్ పైకప్పు కూడా ఎగిరిపోయింది, కరెంటు లేదు, ఫోన్లు లేవు. అలాంటప్పుడు సామాను ఎక్కించడానికి, దిగే చోటు ఖాళీ చేయించడానికి నేర్చుకున్న చేతులు ఊళ్ళోనే ఉంటే ఎంత నయం. షిప్‌యార్డ్‌లో, స్టీల్‌ప్లాంట్‌లో క్రేన్ల దగ్గర రోజూ సైగలతో పని చేసేవాళ్ళు ఎంతమంది లేరు మనకి.

ఎండ తగ్గాక 4 దాటాక వెళ్ళండి. కార్ తీసుకెళ్ళకండి, పార్కింగ్ కోసమే మాకు అరగంట పోయింది. తెలిసినవాళ్ళల్లో నేవీలో చేసిన పెద్దవాళ్ళెవరైనా ఉంటే వాళ్ళని తప్పకుండా తీసుకెళ్ళండి, ఆ చక్రం దగ్గర నిలబెట్టి అడగండి. మావయ్య ఫోటో కూడా అక్కడే తీయించుకున్నారు.