రాజమండ్రి ఎబొనైట్ పెన్ను, ప్రిన్సిపాల్‌గా చేసిన మా తాతగారి పెన్ను కొలతలతో

ముందే చెప్పేస్తున్నాను. చొక్కా జేబులో పెట్టుకుని బస్సులెక్కే వాళ్ళకి ఈ పెన్ను పనికి రాదు. బల్ల ముందు కూర్చుని రోజూ కాసేపైనా చేత్తో రాసే అలవాటుంటే మాత్రం, ఈ ధరకి దీన్ని మించింది నాకు కనబడలేదు. రెండు వేల లోపే అయింది. పేరు చెక్కినందుకు వేరే తీసుకోలేదు.

రాజమండ్రిలో లేత్ మీద చేత్తో తీసే ఎబొనైట్ (గట్టి రబ్బరు) పెన్ను ఇది. ఆ ఊరికి పెన్నుల పేరు కొత్త కాదు. కోసూరి వెంకటరత్నం గారు 1932లో మొదలుపెట్టిన రత్నం పెన్నులు, వాటిని మెచ్చుకుంటూ 1935లో గాంధీ గారు రాసిన ఉత్తరం, ఈ కథంతా అక్కడ ఎవరినడిగినా చెప్తారు. నేను చేయించుకున్నది వేరే ఆయన దగ్గర. ఇంటి వెనక రేకుల షెడ్డులో లేత్ పెట్టుకున్న పెద్దాయన. "నా పేరు, ఫోన్ నంబరు ఎక్కడా పెట్టకమ్మా. ఆర్డర్లొస్తే చెయ్యలేను, చెయ్యనంటే తిడతారు" అన్నారు. అందుకని పెట్టడం లేదు, దయచేసి అడగొద్దు.

నేను ఆయన దగ్గరికి వెళ్ళింది కొత్త పెన్ను కోసం కాదు, మా తాతగారి పెన్ను బాగు చేయించడానికి. అమ్మ వాళ్ళ నాన్నగారు. గోదావరి జిల్లాల్లో నాలుగైదు ప్రభుత్వ కాలేజీల్లో ఫిజిక్స్ చెప్పి, చివరికి డిగ్రీ కాలేజీ ప్రిన్సిపాల్‌గా రిటైరయ్యారు. పోయిన ఏడు వెళ్ళిపోయారు. బీరువాలో పెన్షన్ కాగితాల కింద, జేబురుమాల్లో చుట్టి ఈ పెన్ను దొరికింది. మూత అంచు పగిలి ఉంది. నల్లటి ఒళ్ళు కాస్తా పాతబడ్డ ఇత్తడి గుండిగ అడుగులా గోధుమరంగుకి తిరిగిపోయింది. అమ్మ మురికి అనుకుని చింతపండు తెచ్చింది, నేనే ఆపాను. ఎబొనైట్ అంటే రబ్బరులో గంధకం బాగా దట్టించి, ఉడికించి, రాయిలా గట్టిపరిచిన సరుకు. ఎండా తేమా తగిలితే ఆ గంధకం వల్లే పైన రంగు మారుతుంది. తోమితే పోయేది కాదు.

పెద్దాయన పెన్ను చేతిలోకి తీసుకుని, బొటనవేలితో గట్టిగా రుద్ది, ముక్కు దగ్గర పెట్టుకున్నారు. కొద్దిగా గంధకం వాసన వచ్చిందట. "అసలు సరుకే" అని తేల్చేశారు. పగులు అతకమంటే ఒప్పుకోలేదు. "జిగురు పెడతాను, నాలుగు రోజులుంటుంది, మళ్ళీ ఊడొస్తుంది. నా పని మీద నీకు నమ్మకం పోతుంది. ఇదే కొలతల్తో ఇంకోటి తీసిస్తాను, మీ తాతగారి పాళీ అందులో బిగిస్తాను, సరేనా?" అన్నారు. సరేనన్నాను. కాలిపర్స్‌తో కొలిచి అగ్గిపెట్టె మీద రాసుకున్నారు. రెండు గంటలు పడుతుంది, కోటగుమ్మం దాకా వెళ్ళి రోజ్‌మిల్క్ తాగి రమ్మన్నారు. నేను కదల్లేదు.

లేత్ మీద నల్లటి కడ్డీ తిరుగుతుంటే ఉలి ఆనించినప్పుడు పొడి రాలదు, సన్నటి రిబ్బన్‌లా చుట్టలు చుట్టలుగా వస్తుంది. షెడ్డంతా అదే గంధకం వాసన. లోపల తొలిచాక మరలు కోశారు, నీళ్ళల్లో ముంచిన గరుకు కాగితంతో రుద్దారు, అంతకంటే మెత్తటి దాంతో మళ్ళీ రుద్దారు, ఆఖర్న గుడ్డచక్రానికి మైనం రాసి మెరుపు పెట్టారు. ఇంకు దిగే నాలుక కూడా ఎబొనైట్‌దే. దాన్ని వేణ్ణీళ్ళలో వేడి చేసి పాళీకి ఆనేలా వేళ్ళతో నొక్కారు. యంత్రంలో పోసిన ప్లాస్టిక్ పెన్నుకి ఈ సర్దుబాటు ఉండదు. నాలుక సరిగ్గా ఆనకపోతే పెన్ను రెండు వాక్యాలు రాసి ఆగిపోతుంది.

చిక్కు వచ్చింది పాళీతోనే. తాతగారి పాళీ నా చేతిలో గీరుకుంది. ఆయన పెన్ను బాగా వాల్చి, ఎడమకి కాస్త తిప్పి పట్టుకునేవారు. ఏళ్ళ తరబడి రాసి రాసి దాని మొన ఆ కోణానికే అరిగిపోయింది. నేను నిలువుగా పడతాను. "దీన్ని నీ చేతికి అరగదియ్యమంటే అరగదీస్తా. తరవాత ఇది మీ తాతగారిది కాదు" అన్నారు పెద్దాయన, నా మొహం చూడకుండా పాళీ వంకే చూస్తూ. కొత్త స్టీలు పాళీ వేయించుకున్నాను. నా చేత నాలుగు లైన్లు రాయించి, ఎక్కడ గీరుకుంటుందో విని, రెండు మూడు సార్లు రాతి మీద ఆడించి ఇచ్చారు. పాత పాళీ పాత పెన్నులోనే ఉంది.

ఇప్పుడు వాడకం సంగతి. ఇది డ్రాపర్‌తో నేరుగా గొట్టంలోకి ఇంకు పోసే రకం. ఇంకు పీల్చుకునే మామూలు కన్వర్టర్‌లో ఒక మిల్లీలీటరు పట్టడం గగనం. ఇందులో దానికి మూడింతలు పడుతుంది. నేను బ్యాంకులో పనిచేస్తాను, రోజంతా సంతకాలే. వారానికోసారి పోస్తే సరిపోతోంది. ఆ ఆదివారం పోసే పని చిన్నప్పుడు నాదే. తాతగారు హిందూ పేపరు పాత షీటు పరిచేవారు, డ్రాపర్ నేను పట్టుకునేదాన్ని. మూత తిప్పి, గోరువెచ్చటి నీళ్ళతో కడిగి, ఆరబెట్టి, అప్పుడు ఇంకు. వేలికంటిన ఇంకు ఆయన తలకి రాసుకునేవారు. తెల్లజుట్టులో ఆదివారం ఆదివారం నీలం చార ఉండేది. అమ్మమ్మ దానికి తిట్టని వారం లేదు.

అంతకుముందు అది ఆకుపచ్చ చార అట. గెజిటెడ్ అధికారులు పచ్చ ఇంకుతో సంతకం పెట్టడం మన దగ్గర ఆనవాయితీ కదా. ప్రభుత్వ కాలేజీ ప్రిన్సిపాల్ అంటే ఆ వీధికంతటికీ అటెస్టేషన్ ఆఫీసన్నమాట. పొద్దున్నే అరుగు మీద జిరాక్సులు పట్టుకుని పిల్లలు కూర్చునేవారు. ఒరిజినల్ లేకుండా ఎవరికీ పెట్టేవారు కాదు, సొంత మేనల్లుడికి కూడా. రిటైరైన రోజు సాయంత్రం ఇంటికొచ్చి, దండలు కూడా తీయకుండా, పెన్నులో పచ్చ ఇంకు వంపేసి కడిగి నీలం పోశారని అమ్మమ్మ ఎప్పుడూ చెప్పేది. ఆ తరవాత కూడా పిల్లలు వచ్చేవారు. "నేను ఇప్పుడు గెజిటెడ్ కాదర్రా" అని ఎదురింటి పశువుల డాక్టరు గారి దగ్గరికి పంపేవారు. ఆయనా గెజిటెడే. డిగ్రీ సర్టిఫికెట్ల మీద పశువుల ఆస్పత్రి ముద్ర పడుతుంటే మాకు ఒకటే నవ్వు. 2014లో కేంద్రం సెల్ఫ్ అటెస్టేషన్ చాలన్నాక ఆ సందడంతా తగ్గిపోయింది.

పెన్నులోని పెద్ద లోపం ఇంకు కక్కడం. ఇంకు సగానికి పైగా అయిపోయాక, చేతి వేడికి లోపలి గాలి వ్యాకోచించి ఇంకుని బయటికి తోస్తుంది, కాగితం మీద బొట్టు పడుతుంది. ఎబొనైట్ గోడ మందం, వేడి తొందరగా లోపలికి పోనివ్వదు కాబట్టి పల్చటి ప్లాస్టిక్ పెన్నుల కంటే నయం. అయినా మే నెలలో హైదరాబాద్‌లో నాకు వోచర్ మీద రెండుసార్లు పడింది. దీనికి మందు తాతగారు నా ఆరో తరగతిలోనే చెప్పారు: "సగం ఖాళీ అవగానే పోసెయ్యి. లోపలున్న గాలికి చార్లెస్ నియమం బాగా తెలుసు." తొమ్మిదో తరగతిలో ఆ పాఠం వచ్చినప్పుడు క్లాసంతా బట్టీ పడుతుంటే నాకు ఇంకు మరకలు కనబడ్డాయి.

ఆయనకి ఆ పెన్ను ఒక ల్యాబ్ కూడా. పాఠాల్లో ఎబొనైట్ కడ్డీని పిల్లి వెంట్రుకలతో రుద్దితే రుణావేశం వస్తుందని ఉంటుంది. పిల్లిని ఎక్కడ తెస్తాం? మూత పెట్టిన పెన్నుని తన ఉన్ని మఫ్లర్‌కి రుద్ది, చింపిన కాగితం ముక్కల మీద ఆడించేవారు. ముక్కలు లేచి అంటుకునేవి. కొత్త పెన్నుతో నేనూ చేసి చూశాను, చలికాలంలో బాగా పనిచేస్తుంది, వానాకాలంలో అస్సలు లేవవు. పిల్లలున్న ఇంట్లో ఇదొక అదనపు లాభం అనుకోండి.

నేను విజయవాడ హాస్టల్లో ఇంటర్ చదివేటప్పుడు ఈ కొలతల పెన్నుతోనే వారం వారం ఇన్‌లాండ్ లెటర్ వచ్చేది. మిగతావాళ్ళ ఇంటి నుంచి ఫోన్లే. మా తాతగారి ఉత్తరంలో క్షేమసమాచారాలు మూడు లైన్లు, కింద ఒక లెక్క. జవాబు పంపితే గానీ తరవాతి ఉత్తరంలో పచ్చళ్ళ పార్సిల్ కబురు ఉండేది కాదు. లెక్క తప్పితే తిట్టేవారు కాదు, అదే లెక్క అంకెలు మార్చి మళ్ళీ పంపేవారు. ఒకే జారుడు బల్ల మీద ఒకే దిమ్మె నాకు నెల రోజులు జారింది.

ఇంకొన్ని మాటలు. కార్బన్ పెట్టి రాసే ఫారాలకి ఈ పెన్ను వద్దు, నొక్కితే పాళీ కాళ్ళు చీలతాయి. పల్చటి ఫొటోకాపీ కాగితం మీద ఇంకు పాకుతుంది, బాండ్ పేపరు మీద ముత్యాల్లా వస్తుంది. విమానంలో తీసుకెళ్ళాల్సొస్తే పూర్తిగా నింపి గానీ, పూర్తిగా ఖాళీ చేసి గానీ తీసుకెళ్ళండి. మరలకి కొద్దిగా సిలికాన్ గ్రీజు రాస్తే లీకు భయం ఉండదు. కిటికీ పక్కన ఎండలో పెట్టకండి, గోధుమరంగు కావాలనుకుంటే తప్ప. నాకైతే కావాలి, అయినా ఎండలో పెట్టి తెప్పించుకుంటే అది దొంగ వయసు.

క్లిప్పు ఒక్కటే నాకు నచ్చలేదు. రేకులా పల్చగా ఉంది, అప్పుడే కాస్త వదులైంది. పెద్దాయనతో అంటే, "క్లిప్పులు బజార్లో కొన్నవమ్మా, నేను చేసింది మిగతాది" అన్నారు. మీరు ఎవరి దగ్గర చేయించుకున్నా క్లిప్పు లేకుండా అడగండి, యాభయ్యో వందో తగ్గిస్తారు. పాళీ మాత్రం సన్నగా రాసే ఫైన్ కావాలని గట్టిగా చెప్పండి, చెప్పకపోతే మీడియం వేసిచ్చేస్తారు.