పన్నెండేళ్లు, రెండు గిటార్లు: లాకింగ్ ట్రెమొలోతోనూ ఫిక్స్‌డ్ బ్రిడ్జితోనూ నా కాపురం

మా ఇంట్లో 3 ఎం.ఎం. ఆలెన్ కీలు నాలుగున్నాయి. ఒకటి గిటార్ బ్యాగు జేబులో, ఒకటి బండి డిక్కీలో, ఒకటి టీవీ స్టాండు మీద, ఇంకొకటి దేవుడి గూట్లో అగ్గిపెట్టె పక్కన. అది అక్కడికెలా చేరిందో అమ్మకే తెలియాలి. లాకింగ్ ట్రెమొలో ఉన్న గిటార్ కొన్నవాడి ఇల్లు ఇలాగే ఉంటుంది.

ఆ గిటార్ 2013లో కొన్నాను. 2017లో ఫిక్స్‌డ్ బ్రిడ్జిది ఒకటి సెకండ్‌హ్యాండ్‌లో తీసుకున్నాను. అప్పట్నుంచి రెండూ వాయిస్తున్నాను. పెళ్లి రిసెప్షన్లలో ఆర్కెస్ట్రాకి, వినాయక చవితి పందిళ్లలో, డిసెంబరు వస్తే స్నేహితుల చర్చి ప్రోగ్రాములకి, మిగతా రోజుల్లో విశాఖపట్నం లాసన్స్ బే కాలనీలో మా మేడమీద గదిలో. కిటికీ తీస్తే సముద్రం హోరు వినిపిస్తుంది. ఉప్పుగాలి సంగతి తర్వాత వస్తుంది కాబట్టి ఇది ముందే చెప్పేశాను.

తెలియనివాళ్ల కోసం రెండు ముక్కలు. గిటార్ పొట్ట మీద తీగలు ఆని ఉండే లోహపు ముక్క బ్రిడ్జి. ఫిక్స్‌డ్ బ్రిడ్జి అంటే చెక్కకి బిగించేసిన బ్రిడ్జి, కదలదు. లాకింగ్ ట్రెమొలోలో బ్రిడ్జి రెండు పోస్టుల మీద తక్కెడలా ఆని ఉంటుంది. ముందునుంచి ఆరు తీగలూ లాగుతుంటాయి, వెనక గిటార్ పొట్టలో ఉన్న స్ప్రింగులు అంతే బలంతో ఎదురు లాగుతుంటాయి. బ్రిడ్జికి తగిలించిన కడ్డీని బార్ అంటారు, దాన్ని కిందికి నొక్కితే తీగలన్నీ వదులై శ్రుతి జారుతుంది, పైకెత్తితే పెరుగుతుంది. చెయ్యి తీశాక మళ్లీ మొదటి చోటికి రావాలి. మామూలు ట్రెమొలోతో పేచీ అక్కడే. మెడ పైచివర తీగలు ఆనే పట్టీ (నట్) గాడిలో తీగ ఇరుక్కున్నా, శ్రుతి బిరడాకి (ట్యూనర్‌కి) చుట్టిన చుట్లు సర్దుకున్నా తిరిగి సరిగ్గా రాదు. తీగని రెండు చివర్లా బిగించేస్తే జారడానికి చోటే ఉండదు కదా అని ఆలోచించినవాడు ఫ్లాయిడ్ రోజ్. అమెరికన్ గిటారిస్టు, నగల పని కూడా తెలిసినవాడు. 1979లో పేటెంట్ వచ్చింది. రాక్ గిటారిస్టు ఎడ్డీ వాన్ హేలెన్ చేతిలో పడ్డాక దాని పేరు ప్రపంచమంతా పాకింది. అన్నట్టు ట్రెమొలో అన్న మాటే తప్పు. ట్రెమొలో అంటే శబ్దం హెచ్చుతగ్గులవడం, శ్రుతిని ఊపితే అది వైబ్రాటో. 1954లో స్ట్రాటోకాస్టర్ గిటార్‌తో పాటు దాన్ని తయారుచేసిన లియో ఫెండర్ దానికి ఆ పేరు పెట్టాడు, అదే నిలిచిపోయింది.

దీని గొప్పతనం ముందు ఒప్పుకోవాలి. సరిగ్గా సెట్ చేసి, నట్ మీద తీగల్ని పట్టి ఉంచే మూడు క్లాంపులూ ఆలెన్ కీతో బిగించాక, రాత్రి ఎనిమిదికి మొదలైన ప్రోగ్రాం పన్నెండున్నరకి ముగిసేదాకా నేను ట్యూనర్ ముట్టని రోజులున్నాయి. ముట్టినా బ్రిడ్జి మీదుండే చిన్న ఫైన్ ట్యూనర్‌ని పావు చుట్టు తిప్పడమే. బార్‌ని తీగలు వేలాడిపోయేదాకా తొక్కి వదిలినా శ్రుతి అలాగే ఉండేది.

కానీ అక్కడిదాకా రావడమే ఒక తపస్సు. మొదటి తీగ శ్రుతి చేస్తే మిగతా అయిదూ కదులుతాయి. ఆరోది చేసి వచ్చేసరికి మొదటిది పడిపోయి ఉంటుంది. అలా నాలుగైదు చుట్లు తిరగాలి. చివర్లో నట్ బిగిస్తే అన్నీ రవ్వంత పెరుగుతాయి, మళ్లీ ఫైన్ ట్యూనర్లు. కొత్తలో ఒక ఆదివారం పొద్దున్న కూర్చున్నవాణ్ణి భోజనాల వేళకి కూడా లేవలేదు. అమ్మ గుమ్మంలో నిలబడి, "ఏరా, నువ్వు వాయిస్తున్నావా, రిపేరు చేస్తున్నావా?" అంది. నా దగ్గర జవాబు లేదు.

తీగల సైజు మార్చాలనిపిస్తే ఇంకో యాతన. 25.5 అంగుళాల స్కేలు (నట్ నుంచి బ్రిడ్జి దాకా తీగ పొడవు) మీద 9-42 సెట్, అంటే సన్న తీగ మందం అంగుళంలో వెయ్యింట 9 వంతులు, లావుది 42 వంతులు ఉండేది, స్టాండర్డ్ శ్రుతిలో మొత్తం సుమారు 38 కిలోల బలంతో లాగుతుంది. 10-46 సెట్ అయితే సుమారు 46. ఆ ఎనిమిది కిలోల తేడాని వెనక స్ప్రింగులు మొయ్యాలి. కాబట్టి వెనక మూత విప్పి, స్ప్రింగులు తగిలించిన కొక్కెం స్క్రూలు కొద్దికొద్దిగా బిగించి, మళ్లీ శ్రుతి చేసి, బ్రిడ్జి సమంగా ఉందో లేదో పక్కనుంచి కన్ను పెట్టి చూసుకోవాలి. నేను ఒక చిట్కా కనిపెట్టాను, అంటే నాకన్నా ముందు వందమంది కనిపెట్టే ఉంటారు. తీగలు మార్చేటప్పుడు బ్రిడ్జి వెనక భాగం కింద మడతపెట్టిన బనియను గుడ్డ కూరితే అది వెనక్కి కూలబడదు. ఒక్కో తీగే తీసి, దాని జాగాలో కొత్తది వేసుకుంటూ పోతే ఇంకా మంచిది.

అసలు దెబ్బ 2016లో తగిలింది. గాజువాక దాటాక ఒక ఫంక్షన్ హాల్లో రిసెప్షన్. రెండో చరణం ముందు గిటార్ బిట్ ఉంది. బార్ ఎత్తి వదిలేసరికి మొదటి తీగ టప్పుమని తెగింది. ఫిక్స్‌డ్ బ్రిడ్జి అయితే అయిదు తీగలతో నెట్టుకొచ్చేయొచ్చు. ఇక్కడ ముందు లాగే బలం తగ్గగానే స్ప్రింగులు బ్రిడ్జిని వెనక్కి ఈడ్చేశాయి, మిగిలిన అయిదు తీగలూ ఒకేసారి శ్రుతి తప్పి పైకెక్కాయి. కీబోర్డు ఆయన నావైపు తిరిగి, "గురూ, ఏ శ్రుతిలో ఉన్నావు?" అన్నాడు. నేనేమంటాను? వాల్యూమ్ సున్నా చేసి పాటంతా వేళ్లు కదుపుతూ నిలబడ్డాను. పెళ్లివాళ్ల వీడియోలో మాత్రం అద్భుతంగా వాయిస్తున్నట్టే ఉంది. మర్నాడే రెండో గిటార్ కోసం డబ్బులు దాచడం మొదలెట్టాను.

ఫిక్స్‌డ్ బ్రిడ్జిది చేతికొచ్చాక నేను ఊహించని తేడా ఒకటి బయటపడింది. నాకు ఖాళీ తీగని తంబురాలా మోగనిచ్చి, పక్క తీగ మీద రాగం తీసే అలవాటుంది. తీగని పక్కకి లాగి గమకం పలికిస్తాను. లాకింగ్ ట్రెమొలో మీద ఒక తీగని లాగితే ఆ బిగువుకి బ్రిడ్జే ముందుకి వంగుతుంది. దాంతో రెండు తప్పులు జరుగుతాయి. కావలసిన స్వరం అందాలంటే వేలు ఇంకొంచెం దూరం లాగాలి. అంతకన్నా ఘోరం, పక్కన మోగుతున్న శ్రుతి తీగ కిందికి జారుతుంది. అంటే గమకం వేసిన ప్రతిసారీ ఆధార షడ్జమమే ఊగుతుంది. నాలుగేళ్లు నా చెవి బాగోలేదేమో అనుకున్నాను. ఫిక్స్‌డ్ బ్రిడ్జి మీద అదే సంగతి వాయిస్తే షడ్జమం రాయిలా నిలబడింది. పాలకొల్లులో పుట్టిన మాండలిన్ శ్రీనివాస్ గారు అయిదు తీగల ఎలక్ట్రిక్ మాండలిన్ మీద అన్ని గమకాలు పలికించింది ఎడమచేతి వేళ్లతోనే, బార్‌తో కాదు. ఇది తెలిసీ గమకాలకి బార్ పనికొస్తుందని కొన్నవాణ్ణి నేను. అలాగని బార్ దండగేమీ కాదు. సన్నగా ఊపితే గొంతులో వణుకులాంటిది వస్తుంది, కింద నుంచి స్వరంలోకి జారుతూ రావచ్చు. తీగలన్నీ కలిసి ఊగే ఆ తీరు వేళ్లకి రాదు.

అరచేయి బ్రిడ్జి మీద ఆనించి మ్యూట్ చేసి కొట్టేవాళ్లు కూడా చూసుకోవాలి. చెయ్యి కాస్త బరువుగా ఆన్చారా, శ్రుతి పెరుగుతుంది. నాది బరువు చెయ్యే. పాటకో శ్రుతి మార్చేవాళ్ల సంగతి చెప్పక్కర్లేదు. ఆరో తీగని ఒక స్వరం దింపడం ఫిక్స్‌డ్ బ్రిడ్జి మీద పది సెకన్ల పని. ఇక్కడైతే నట్ విప్పాలి, మిగతా అయిదూ మళ్లీ చూసుకోవాలి. ఈలోపు యాంకర్ జోకులు అయిపోతాయి.

ఇక ఉప్పుగాలి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చినప్పుడు మా కిటికీ అద్దాలు పగిలి గది నిండా నీళ్లు. గిటార్‌ని బ్యాగులో పెట్టి అటక మీదికి తోశాం. కరెంటు లేదు, తాగే నీళ్లకే వెతుకులాట, గిటార్ ఎవరికి గుర్తుంటుంది? మూడు వారాల తర్వాత తీస్తే బ్రిడ్జి స్క్రూల తలలన్నీ బెల్లం రంగుకి తిరిగాయి. బ్రిడ్జి మీద ఒక్కో తీగ ఆనే ముక్కని శాడిల్ అంటారు, వాటి స్క్రూలు రెండు కదలనేలేదు. కిరసనాయిలు చుక్కలు వేసి రాత్రంతా ఉంచి, పొద్దున్న కుట్టుమిషను నూనె వేసి, ఒకటి విప్పగలిగాను. రెండోదాని గుంత అరిగిపోయి ఆలెన్ కీ గిర్రున తిరిగింది. ఈ ఊళ్లో ఆ పని తెలిసినవాళ్లు అప్పుడు నాకు దొరకలేదు. పూర్ణా మార్కెట్‌లో స్క్రూలు అమ్మే ముసలాయన డబ్బాలన్నీ గాలించి సరిపోయేది ఇచ్చాడు, అయిదు రూపాయలు. ఫిక్స్‌డ్ బ్రిడ్జికి తుప్పు పట్టదని కాదు, పడుతుంది. కానీ దాంట్లో తుప్పు పట్టే ముక్కలు తక్కువ, పట్టినా గిటార్ మోగుతుంది.

తుప్పు కన్నా నన్ను ఎక్కువ ఏడిపించింది చవక లోహం. నా గిటార్‌తో వచ్చిన బ్రిడ్జి జింకు పోత పోసింది. పోస్టుల మీద ఆనే అంచు కత్తిలా ఉండాలి. నాలుగో ఏడాదికి అది మొద్దుబారి, బార్ వదిలాక ఒక్కోసారి ఒక్కో చోట ఆగేది. లాకులు ఎంత బిగించినా ఏం లాభం? 2018లో గట్టి ఉక్కుతో చేసిన బ్రిడ్జి తెప్పించాను. గిటార్ ధర 18 వేలు, బ్రిడ్జికి అందులో సగం పైనే అయింది. కొనేముందు పోస్టుల మధ్య దూరం కొలుచుకోవాలి, ఫ్లాయిడ్ రోజ్ కొలత సుమారు 74 మి.మీ. నాది సరిపోయింది. ఏడేళ్లయింది, ఇంకా బాగానే ఉంది.

ఫిక్స్‌డ్ బ్రిడ్జిలో నాకు నచ్చనిది కూడా ఉంది. గట్టిగా తీగలు లాగే రెండు పాటలయ్యేసరికి మూడో తీగ శ్రుతి కచ్చితంగా జారుతుంది. నట్ గాడిలో పెన్సిల్ ముల్లు పొడి రుద్దితే కొంత నయం. పాటకీ పాటకీ మధ్య శ్రుతి చూసుకోవడం మాత్రం తప్పదు.

మా చెల్లెలి కొడుకు ఇంటర్ అయిపోయింది, "మావయ్యా, ఏది కొనుక్కోమంటావు?" అని అడిగాడు. ఒక్కటే కొనేట్టయితే ఫిక్స్‌డ్ బ్రిడ్జి తీసుకోమన్నాను. పాతికవేల లోపు బడ్జెట్‌లో లాకింగ్ ట్రెమొలో జోలికి పోవద్దన్నాను, ఆ డబ్బు బ్రిడ్జిలోకి వెళ్లాలా చెక్కలోకి వెళ్లాలా తేల్చుకోలేక రెండూ పాడవుతాయి. చేతిలో ఒక గిటార్ ఉండి, ఎప్పుడూ ఒకటే శ్రుతిలో వాయిస్తూ, నెలకో పూట స్క్రూలతో కూర్చునే ఓపిక ఉన్నవాడు మంచి లాకింగ్ ట్రెమొలో కొంటే పశ్చాత్తాపపడడు. వాడు అంతా విని, "సరే గానీ, నీ పాత లాకింగ్ గిటార్ నాకిచ్చెయ్యరాదా?" అన్నాడు.

ఇవ్వలేదు. దేవుడి గూట్లో ఆలెన్ కీ మాత్రం పట్టుకెళ్లమన్నాను.