బొమిక అచ్చుల బిస్కెట్ కిట్: సగం కుక్క తింది, సగం బూజు తింది

ఆన్‌లైన్‌లో 899 రూపాయలు పెట్టి కొన్న కుక్క బిస్కెట్ల కిట్ గురించి ఇది. కంపెనీ పేరు రాయను, ఎందుకంటే ఇదే సరుకు నాలుగైదు పేర్లతో తిరుగుతోంది, పెట్టె మీద కుక్క బొమ్మ మారుతుంది తప్ప లోపల అంతా ఒకటే. మాది కాకినాడ. కుక్క పేరు జున్ను, మూడేళ్లు, 12 కిలోలు, వానాకాలంలో మా గేటు కింద నుంచి దూరి వచ్చి ఇంక వెళ్లని రకం. షాపులో కొనే బిస్కెట్లు తింటే ఒళ్లంతా గోక్కుంటున్నాడు. దేని వల్లో తేలేదు గానీ, ఇంట్లో చేస్తే కనీసం ఏం వేశామో మనకి తెలుస్తుంది కదా అని ఈ కిట్ తెప్పించాను.

పెట్టెలో ఉన్నవి: బొమిక ఆకారం గుంటలున్న సిలికాన్ ట్రేలు రెండు, అదే ఆకారంలో ఒక స్టీలు కట్టర్, 250 గ్రాముల ఓట్స్ ప్రీమిక్స్ పొట్లం, అటూ ఇటూ ముద్రించిన ఒక కాగితం. కాగితం మీద నవ్వుతున్న లాబ్రడార్, దాని పక్కన నవ్వుతున్న పిల్ల, పిల్ల పక్కన పిండి అంటని వంటగది. మా ఇంట్లో మొదటి రోజు సీను వేరు. అమ్మ గుమ్మంలో నిలబడి, "ఒరేయ్, పండక్కి జంతికలు వత్తడానికి ఒక చెయ్యి వెయ్యరా అంటే వెయ్యవు గానీ, కుక్కకి బిస్కెట్లు చేస్తున్నావా?" అంది. సమాధానం చెప్పేలోపే జున్ను పిండి గిన్నెలో మూతి పెట్టేశాడు.

కాగితంలో రాసినట్టే చేశాను. ప్రీమిక్స్‌లో గుడ్డు, కొంచెం నీళ్లు, రెండు చెంచాలు పీనట్ బటర్ కలిపి ట్రేలో నొక్కి, ఓటీజీలో (చిన్న కరెంటు ఓవెన్) 180 డిగ్రీల మీద 20 నిమిషాలు. బయటికి తీశాక చూడ్డానికి భలే ఉన్నాయి, అది ఒప్పుకోవాలి. ఒక్కొక్కటీ బొద్దుగా, అంచులు గుండ్రంగా, ఫొటో తీసుకునేలా. జున్ను ఒకటి నోట్లో పెట్టుకుని మంచం కిందకి పోయాడు, అంటే వాడి లెక్కలో పాసైనట్టే. మిగిలిన పదిహేను బిస్కెట్లని డబ్బాలో వేసి మూత పెట్టాను.

మూడో రోజు పొద్దున్న మూత తీస్తే పుల్లటి వాసన. బిస్కెట్ తిరగేసి చూస్తే అడుగున, సరిగ్గా బొమిక మధ్యలో, తెల్లటి నూగు. విరిస్తే విరగలేదు, అట్టు ముక్కలా సాగింది. డబ్బా డబ్బా చెత్తబుట్టలోకి పోయింది. పైపైన గీకేసి పెట్టకూడదా అని అడిగేవాళ్లుంటారు కాబట్టి చెప్తున్నా, బూజు పట్టింది కుక్కకి పెట్టకండి. కొన్ని బూజుల్లో ఉండే విషాలు వాటికి వణుకు, ఫిట్స్ దాకా తెస్తాయి. "కుక్కే కదా" అనుకునే చోట కాదు ఇది.

తప్పు నాదేనేమో అని రెండోసారి పది నిమిషాలు ఎక్కువ ఉంచాను. పైన మాడింది, లోపల మెత్తగానే ఉంది. అప్పుడు అర్థమైంది, అచ్చులోనే ఉంది తిరకాసు. సిలికాన్ ఇనుములా వేడిని లాక్కోదు, నిదానంగా ఎక్కించుకుంటుంది. పైగా గుంట లోతుగా ఉండి అడుగునా చుట్టూ మూసుకుని ఉంటుంది కాబట్టి పిండిలో తడి ఆవిరై పోవాలంటే పైనుంచి తప్ప దారి లేదు. కేకుకి అదే కావాలి, లోపల తేమ నిలవాలి. బిస్కెట్‌కి సరిగ్గా దానికి ఎదురు కావాలి. అసలు బిస్కెట్ అన్న మాటకే పాత లాటిన్‌లో రెండుసార్లు కాల్చినది అని అర్థం. ఒకసారి ఉడకడానికి, ఇంకోసారి ఎండడానికి. కుక్క బిస్కెట్ పుట్టుక కూడా ఇలాంటి ఎండు సరుకు నుంచే అంటారు. 1860 ప్రాంతంలో జేమ్స్ స్ప్రాట్ అనే అమెరికన్ లండన్ వెళ్లి, ఓడల వాళ్లు పారేసిన హార్డ్‌టాక్ ముక్కల్ని కుక్కలు కొరుక్కు తినడం చూసి కుక్కల కోసం బిస్కెట్ తయారు చేశాడని కథ. ఆ హార్డ్‌టాక్ అంటే పిండీ నీళ్లూ కలిపి రాయిలా ఎండేదాకా కాల్చిన ముక్క, నెలల తరబడి సముద్రం మీద నిలవ ఉండేది. మన కిట్ వాళ్లు ఆ ఒక్క సంగతీ వదిలేసి బొమిక ఆకారం మాత్రం పట్టుకున్నారు.

ఆకారం కుక్కకి పట్టదు. అది మన కోసం.

ఇక ఆ కాగితం సంగతి. ఇక్కడ నాకు నిజంగా కోపం వచ్చింది. పీనట్ బటర్ వెయ్యమని రాశారు, ఏ రకమో రాయలేదు. చక్కెర లేదని చెప్పి అమ్మే కొన్ని పీనట్ బటర్లలో తీపి కోసం జైలిటాల్ కలుపుతారు. మనుషులకి అది విషం కాదు. కుక్క ఒంట్లోకి పోతే మాత్రం ఇన్సులిన్ ఒక్కసారిగా ఊరిపోయి, గంటలోపే షుగర్ పడిపోయి కూలబడొచ్చు, మోతాదు ఎక్కువైతే లివర్ దెబ్బ తింటుంది. సీసా మీద ఒక్కోసారి బిర్చ్ షుగర్ అనో, 967 అనే నంబరుతోనో ఉంటుంది, జైలిటాల్ అన్న పేరే కనిపించకపోవచ్చు. కిస్‌మిస్, ద్రాక్ష కిడ్నీలకి చేటు. ఉల్లి, వెల్లుల్లి రక్తంలో ఎర్ర కణాల్ని పగలగొడతాయి. చాక్లెట్, జాజికాయ కూడా వద్దు. ఇవన్నీ మన వంటింట్లో అలమరలో ఉండేవే, వంట చేసే చేత్తో అలవాటుగా పడిపోయేవే. నవ్వే లాబ్రడార్ బొమ్మకి సగం కాగితం ఇచ్చినవాళ్లు దీనికి రెండు లైన్లు ఇవ్వలేకపోయారా?

నేను ఇప్పుడు సీసా కొనడం మానేశాను. వేరుసెనగ గుళ్లు వేయించి పొట్టు తీసి మిక్సీలో వేస్తే రెండు నిమిషాల్లో వాటి నూనెలో అవే ముద్దవుతాయి, ఉప్పూ బెల్లం ఏమీ వద్దు. ముడుచుకుపోయిన గుళ్లు, రంగు మారినవి, మక్కు వాసన వచ్చేవి మాత్రం ముందే ఏరేయాలి. పాత గుళ్లలో పట్టే బూజు విషం, అఫ్లాటాక్సిన్, కుక్కల లివర్‌ని మనకన్నా తొందరగా తినేస్తుంది.

ప్రీమిక్స్ గురించి చెప్పడానికి పెద్దగా లేదు. ఓట్స్ పిండి, క్యారెట్ పొడి, కొంచెం పసుపు. చెడ్డది కాదు. మళ్లీ కొనాలంటే పొట్లం 320 రూపాయలు, ఆ డబ్బుకి మా వీధి చివర కొట్లో రాగిపిండి, గోధుమపిండి కలిపి నాలుగైదు కిలోలు వస్తాయి. స్టీలు కట్టర్ బాగానే ఉంది, పదునుగా ఉంది. పిండిని చపాతీ కన్నా రెండింతలు మందంగా ఒత్తి దాంతో కోసి, జాలీ ట్రే మీద పరిచి కాల్చితే అచ్చు కన్నా నూరు రెట్లు నయం. కాకపోతే బొమిక నడుము సన్నం, తలలు లావు, నడుము మాడేదాకా తలలు ఎండవు. అంచుల్లో మిగిలిన పిండి ముక్కలు మళ్లీ కలపడం, మళ్లీ ఒత్తడం, గంట పని.

ఈ తంటా అంతా రెండు వారాలు చూసి చూసి అమ్మ ఒక రోజు అటక మీద నుంచి పాత జంతికల గొట్టం దింపింది. "అన్నీ ఒకే లావుండాలి అంతేగా, దీంతో వత్తు" అంది. నాకు తట్టనే లేదు! పెద్ద నక్షత్రం బిళ్ల వేసి, గుమ్మడికాయ కలిపిన రాగిపిండి కూరి, నూనె రాసిన ట్రే మీద వేలెడేసి పుల్లలుగా వత్తితే పది నిమిషాల్లో ట్రే నిండింది. నక్షత్రం కాబట్టి పక్కల్లో గాళ్లు పడతాయి, ఆ గాళ్లలోంచి ఆవిరి హాయిగా పోతుంది. అన్నీ ఒకే లావు కాబట్టి ఒకటి మాడి ఇంకోటి మెత్తగా ఉండటం లేదు. విరిస్తే టక్కుమని చేగోడీ చప్పుడు. మా తేమ గాలిలో కూడా గట్టి మూత డబ్బాలో పది రోజులు అలాగే ఉన్నాయి, ఆ తర్వాత ఎన్నాళ్లుంటాయో తెలియదు, మిగలలేదు.

పిండి కొలత అడిగే వాళ్ల కోసం. ఒక కప్పు రాగిపిండి, ఒక కప్పు గోధుమపిండి, ఆవిరి మీద ఉడికించి మెదిపిన గుమ్మడికాయ అరకప్పు, ఒక గుడ్డు, చెంచా నూనె. ఉప్పు లేదు, బెల్లం లేదు, బేకింగ్ పౌడర్ లేదు, పొంగి ఏం చెయ్యాలి అది. ఒట్టి రాగిపిండితో చేయబోతే పుల్లలు పుటుక్కున తెగుతాయి, దాంట్లో జిగురు లేదు కాబట్టి గోధుమ తోడు కావాల్సిందే. జొన్నపిండీ అంతే. గోధుమ పడని కుక్కలుంటే ఇంకో గుడ్డు వేసి చూడండి, కొంచెం విరుగుతాయి గానీ పని జరుగుతుంది. గుమ్మడికాయలో నీరు ఒక్కోసారి ఒక్కోలా ఉంటుంది కాబట్టి నీళ్లు పొయ్యకుండా మొదలుపెట్టి, పిండి జంతికల ముద్దంత గట్టిగా వచ్చేదాకా చూసుకోండి. ఓటీజీలో 150 డిగ్రీల మీద 35 నిమిషాలు, ఆ తర్వాత స్విచ్ కట్టేసి తలుపు తీయకుండా అందులోనే చల్లారనివ్వాలి. అసలు పని ఆ చల్లారే గంటలోనే జరుగుతుంది. నేను రాత్రి పెట్టి పొద్దున్న తీస్తాను. ఓటీజీ ముందు జున్ను రాత్రంతా కాపలా.

గొట్టంతో రెండు గొడవలున్నాయి. అమ్మ నెయ్యి గిన్నె పట్టుకొచ్చి "కాస్త వేస్తే గుల్లగా వస్తాయిరా" అంటుంది, వద్దని చెప్పాలి, కొవ్వు ఎక్కువైతే కొన్ని కుక్కలకి క్లోమం (పాంక్రియాస్) వాచి ఆసుపత్రి పాలవుతాయి. అదొక గొడవ. రెండో గొడవ, కుక్క బిస్కెట్లు వత్తిన గొట్టంతో సంక్రాంతి జంతికలు వత్తనంటే వత్తనంది. పైగా పాత గొట్టం సందుల్లో ఎన్నేళ్ల కారమో ఉంది, మొదటిసారి పావుగంట మరిగే నీళ్లలో పెట్టి బ్రష్‌తో తోమాను. చివరికి మెయిన్ రోడ్డులో స్టీలు సామాన్ల కొట్టుకెళ్లి 260 పెట్టి కొత్తది కొన్నా. కొత్తది అమ్మకి, పాతది కుక్కకి అనుకున్నాను. అమ్మ పాతదే తీసేసుకుంది, అది వాళ్లమ్మ ఇచ్చిందట. కొత్త గొట్టం జున్నుది.

సైజు గురించి ఇంకో మాట, ఎందుకంటే కిట్‌లో ఇదీ లోపమే. ఆ అచ్చులో కాల్చిన ఒక్కో బొమిక తూచి చూశాను, 16 గ్రాములు తూగింది. పిండి సరుకు కాబట్టి ఒక్కొక్కటి 60 క్యాలరీల దాకా ఉంటుంది. ఇలాంటి చిరుతిళ్లు రోజు మొత్తం తిండిలో పదో వంతు దాటకూడదని పశువైద్యులు చెప్పే లెక్క. జున్నులాంటి 12 కిలోల కుక్కకి రోజుకి 600, 700 క్యాలరీలు అనుకుంటే ఒక్క బొమికతో ఆ రోజు కోటా అయిపోయింది. పమేరియన్‌లాంటి చిన్న కుక్కయితే సగం కూడా ఎక్కువే. కూర్చో అంటే ఒకటి, చెయ్యి ఇవ్వు అంటే ఒకటి అని ట్రైనింగ్‌కి వాడే వాళ్లకి ఈ సైజు ఏం పనికొస్తుంది? జంతిక పుల్లని నాలుగు ముక్కలు చేసి పెడితే వాడికి నాలుగుసార్లు తిన్నట్టే, లెక్క మనకే గానీ వాడికి రాదు.

మరి ట్రేలు పారేశానా అంటే లేదు. ఇక్కడ కంపెనీ వాళ్లకి కొంచెం మార్కులు వేస్తా. మే నెలలో మా ఊళ్లో మధ్యాహ్నం మనిషే బయటికి రాడు, జున్ను బాత్రూమ్ గచ్చు మీద నాలుగు కాళ్లు చాపుకుని పడుకుంటాడు. పుల్లబడని పెరుగులో అరటిపండు మెదిపి ఆ గుంటల్లో నింపి ఫ్రీజర్‌లో పెడితే, సిలికాన్ కాబట్టి వెనక నుంచి వేలితో నొక్కితే చాలు, ఊడి వస్తుంది. స్టీలు గిన్నెలో పెట్టి గీకే బాధ లేదు. వాడు దాన్ని గచ్చు మీద తోసుకుంటూ, నాకుతూ, ఇల్లంతా పెరుగు చేస్తూ పావుగంట గడుపుతాడు. పాలు పడని కుక్కలకి పెరుగు కొంచెం నయం, అయినా మొదటి రోజు ఒక్క చెంచాతో మొదలుపెట్టి చూడండి.

కస్టమర్ కేర్‌కి బూజు ఫొటోలు పంపాను. రెండు రోజులకి జవాబు వచ్చింది, ట్రే దెబ్బతిన్నందుకు చింతిస్తున్నాం, ఇంకోటి పంపిస్తాం అని. ట్రే బాగానే ఉందండీ, మీ కాగితంలో ఎండబెట్టే పద్ధతి రాయండి, పీనట్ బటర్ దగ్గర హెచ్చరిక రాయండి అని మళ్లీ రాశాను. ఇంకో ట్రే వచ్చింది. ఇప్పుడు మూడున్నాయి.

899కి ఈ కిట్ కొనొద్దు. 5కి 2 ఇస్తున్నా, ఆ రెండూ ఎండాకాలం పెరుగు ముద్దలవే. మీ ఇంట్లో జంతికల గొట్టం, ఓటీజీ ఉంటే ఇంకేం అక్కర్లేదు. ఒక ఇబ్బంది మాత్రం వచ్చింది. గొట్టం మర తిప్పితే కిర్రుమంటుంది కదా, జున్నుకి ఆ చప్పుడు అలవాటైపోయింది. మొన్న సంక్రాంతికి అమ్మ తన గొట్టంతో కారం జంతికలు వత్తుతుంటే వీడు పెరట్లోంచి పరుగెత్తుకొచ్చి మూకుడు పక్కన బుద్ధిగా కూర్చుని చెయ్యి ఇచ్చాడు. పిలిస్తే కదల్లేదు. వంట అయ్యేదాకా గొలుసు వేసి వరండాలో కట్టాల్సి వచ్చింది, ఊరంతా వినేలా ఏడ్చాడు.