పిల్లల ఐక్యూ టెస్ట్: మార్కులు బ్రహ్మాండం, నాకే నమ్మకం కుదరలేదు

విజయవాడలో ఒక పిల్లల కౌన్సెలింగ్ సెంటర్లో మావాడికి ఐక్యూ టెస్ట్ చేయించాం. పేరు రాయడం లేదు, ఎందుకంటే "భాషతో, సంస్కృతితో సంబంధం లేని టెస్ట్" అని చెప్పి అమ్మే చోట్లు ఇంకా చాలా ఉన్నాయి. ముందు మంచి చెప్తా. ఇచ్చిన టైముకే లోపలికి పిలిచారు, మేడమ్ చక్కగా తెలుగులో, తొందర పెట్టకుండా మాట్లాడారు, వాడు మధ్యలో మంచినీళ్లకని లేస్తే విసుక్కోలేదు.

పెట్టింది రేవెన్స్ కలర్డ్ ప్రోగ్రెసివ్ మ్యాట్రిసెస్. 36 రంగుల బొమ్మలు, ప్రతిదాంట్లో ఒక ముక్క ఖాళీ, కింద ఉన్న ఆరింట్లో సరిపోయేది చూపించాలి. జాన్ రేవెన్ అనే ఇంగ్లండ్ ఆయన మొదటి వెర్షన్ 1938లో తెచ్చాడు, పిల్లలది 1947లో. చదవడం, రాయడం అక్కర్లేదు. అందుకని బ్రోచర్లో "భాషతో, సంస్కృతితో సంబంధం లేని టెస్ట్" అని వేసేశారు. ఈ మాటే నాకు ఎక్కలేదు.

మావాడు ఐదో తరగతి, నవోదయ కోచింగ్‌కి వెళ్తున్నాడు. ఆ ఎంట్రన్స్‌లో 80 ప్రశ్నలుంటే 40 మెంటల్ ఎబిలిటీవే, అన్నీ బొమ్మలు: ఖాళీ పూరించు, తేడాగా ఉన్నది పట్టుకో, అద్దంలో ఎలా కనిపిస్తుందో చెప్పు. పల్లెటూరి పిల్లలకి భాష అడ్డం రాకుండా బొమ్మలైతే మేలని ఎవరైనా అనుకుంటారు, కానీ ఇప్పుడు వాటికీ గైడ్లు, కోచింగులు, మోడల్ పేపర్లు. మేడమ్ పుస్తకం తెరవగానే వీడు "ఇవి మా సార్ రోజూ చేయిస్తారు కదా" అన్నాడట. రిపోర్టులో "సగటు కంటే చాలా ఎక్కువ" అని వచ్చింది, కోచింగ్ ఊసు ఒక్క లైన్ కూడా లేదు. మా ఆవిడ దాన్ని ఫ్రేమ్ కట్టించేలా ఉంది!

ఇది మన ఒక్కళ్ల గోల కాదు. నెదర్లాండ్స్‌లో సైన్యంలోకి పిలిచిన 18 ఏళ్ల కుర్రాళ్లకి రేవెన్ బొమ్మలే పెట్టేవారు. 1952 నుంచి 1982 లోపు వాళ్ల ఐక్యూ స్కోరు దాదాపు 20 పాయింట్లు పెరిగిందని జేమ్స్ ఫ్లిన్ అనే పరిశోధకుడు లెక్క తేల్చాడు. ముప్పై ఏళ్లలో పుట్టుకతో వచ్చే తెలివి అంత పెరగదు కదా, చదువు మారింది, ఆటలు మారాయి, కాగితం మీద గీతల్ని చూసే అలవాటు పెరిగింది. రాబర్ట్ సర్పెల్ అనే సైకాలజిస్ట్ 1979లో చూపించింది నాకు ఇంకా నచ్చింది. ఒక నమూనా చూసి అలాగే చేయమని జాంబియా పిల్లలకీ, ఇంగ్లండ్ పిల్లలకీ ఇచ్చాడు. కాగితం మీద గీయడంలో ఇంగ్లండ్ పిల్లలు ముందున్నారు, తీగ వంచి చేయడంలో జాంబియా పిల్లలు ముందున్నారు, మట్టితో చేయమంటే ఇద్దరూ సమానం. జాంబియా పిల్లలు తీగతో కార్లు చేసుకుని ఆడుకుంటారు మరి. తీగ టెస్ట్ ఒక్కటే పెట్టి ఉంటే ఇంగ్లండ్ పిల్లల రిపోర్టులో ఏం రాసేవాళ్లో?

అలాగని రేవెన్స్ పనికిరానిదని అనను. మాట రాని పిల్లలకి, వినికిడి సమస్య ఉన్నవాళ్లకి ఇలాంటి టెస్ట్ నిజంగా ఉపయోగం. కాకపోతే ఎవరితో పోల్చి మార్కు వేశారన్నది ముఖ్యం. 1955లోనే సి.ఎం. భాటియా అనే సైకాలజిస్ట్ మన దేశంలో చదువుకున్నవాళ్లకీ, చదువు రానివాళ్లకీ స్కోరు పోల్చే ప్రమాణాలు విడివిడిగా పెట్టి బ్యాటరీ, అంటే కొన్ని టెస్టుల సెట్, తయారు చేశారు. ఇక్కడ మాత్రం రిపోర్టులోని పర్సెంటైల్ (వందమందిలో ఎంతమంది కంటే ముందున్నాడో చెప్పే అంకె) చూపించి "ఈ పర్సెంటైల్ ఏ పిల్లలతో పోల్చి వేశారండీ" అని రిసెప్షన్లో అడిగితే "సాఫ్ట్‌వేర్ ఇస్తుంది సర్" అన్నారు. ఏ ఏడాది ప్రమాణాలో, ఏ దేశం పిల్లలో రిపోర్టులో రాయలేదు. ఇంత ఫీజు తీసుకుని ఆ రెండు లైన్లు రాయడానికేం?

టెస్ట్ చేసిన తీరుకి ఐదుకి నాలుగు స్టార్లు. రిపోర్టుకి రెండు. బ్రోచర్‌కి సున్నా. వెళ్లేవాళ్లు పిల్లాడు ఒలింపియాడ్, నవోదయ, సైనిక్ స్కూల్ లాంటి కోచింగ్ ఏదైనా తీసుకుంటుంటే టెస్ట్‌కి ముందే మేడమ్‌కి చెప్పండి, అది రిపోర్టులో రాయమని అడగండి. సందు ఇరుకు, కారైతే మెయిన్ రోడ్డు మీదే ఆపుకోవాలి.